గోరువంక గుర్తులు

సంస్కృతాంధ్ర కావ్యాలలో శుకశారికలకు లభించిన స్థానం సామాన్యమైనది కాదు. అంతఃపురంలో పంజరాన కూర్చొని అవి విన్నమాటను విన్నట్లు పలుకుతాయి; రహస్యాలను బయటపెడతాయి; కథను మలుపు తిప్పుతాయి. శ్రీహర్షుని రత్నావళిలో సాగరిక తన చెలితో చెప్పుకొన్న మాటలను పంజరం తప్పించుకొన్న శారిక వల్లించబట్టే ఆమె ప్రేమ ఉదయనుని చెవిని పడింది. శుకసప్తతి కథలో చిలుక లౌక్యంతో యజమానురాలిని ఆపగా, శారిక ఉన్నమాట ముఖం మీద అని ప్రాణాపాయం తెచ్చుకొంది. ఈ శారికయే మన గోరువంక, వాడుకలో గోరింక. అన్యోన్యంగా ఉండే ఆలుమగలను నేటికీ 'చిలకాగోరింకల్లా ఉన్నారు' అంటాము. నిజానికి గూడు పెట్టుకొనే చెట్టుతొర్రల కోసం ఆ రెండు పక్షులూ తరచుగా కలహించుకొంటాయి. ఆ పోరును కళ్లారా చూచినవారు ఈ మాటను పెళ్లిపందిరిలో వాడడానికి కొంచెం సంకోచిస్తారేమో!

ఇన్ని కావ్యాలు చదివి, వాటి మీద పరిశోధన చేసి పట్టా పొందిన నేను, అరచేతి దూరంలో ఉన్న ఒక గోరింకను గుర్తింపలేకపోయాను. ఈ పాఠం ఆ పొరపాటు నుండి పుట్టినది.

కొన్నేళ్ల క్రితం హైదరాబాదు పాతబస్తీలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు తెలుగు చెబుతున్న రోజులవి. జూన్ మాసం, తరగతులు అప్పుడే మొదలయ్యాయి. తెలుగు ఇళ్ల పిల్లలూ, ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలూ కలిసి కూర్చొనే తరగతి అది. ఒక పాఠంలో గోరువంక అనే మాట వచ్చింది. అర్థం చెప్పబోయేలోగా వెనుక వరుసలోని ఒక విద్యార్థి లేచి, "మైనాయే కదా సార్? మా ఇంట్లో ఉంది. ఆఫ్రికా మైనా" అన్నాడు. మరునాడు చెప్పుల అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, అందులో ఆ పక్షిని పెట్టి తీసుకొని వచ్చాడు.

అది పిల్లపక్షి. వీపు బూడిదరంగు. రొమ్ము, పొట్ట మాసిన గోధుమవన్నె. తల ముదురు గోధుమరంగు. ముక్కు మూలలలో పిల్లపక్షులకు ఉండే మెత్తని పసుపు అంచు ఇంకా పోలేదు. రెక్కల ఈకలను ఎవరో కత్తిరించారు. అమ్మినవాడు అతని అన్నగారితో రెండు మాటలు చెప్పాడట. ఒకటి, ఇది విదేశీ పక్షి గనుక పెంచుకోవడానికి ఏ అడ్డంకీ లేదు. రెండు, ఇప్పుడు ఇలా ఉన్నా పెరిగేకొద్దీ ఒళ్లంతా నెమలికంఠం రంగుతో మెరుస్తుంది. అలా మెరిసే పక్షుల చిత్రాన్ని కూడా ఫోనులో చూపించాడు. ఆ చిత్రం అబద్ధం కాదు. ఆఫ్రికా ఖండంలో అటువంటి పక్షులు నిజంగానే ఉన్నాయి.

"సార్, ఇది ఆఫ్రికాదే కదా?" అని విద్యార్థి అడిగాడు. నాకు తెలిసిన గోరింక ఒక్కటే. ఒళ్లు గోధుమరంగు, తల నలుపు, కంటి వెనుక పసుపు చర్మం, ఎగిరినపుడు రెక్కల మీద తెల్లని మచ్చలు. పెట్టెలోని పక్షికి ఇవేవీ లేవు. మన గోరింక కాదు గనుక పరదేశిదే అయి ఉంటుందని తలచి, "అయి ఉండవచ్చు" అన్నాను. పట్టభద్రుని నోట వచ్చిన 'అయి ఉండవచ్చు' విద్యార్థి చెవిలో 'అవును' అవుతుందని ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకొని ఉండవలసింది.

ఆ రాత్రి సందేహం నిద్రపోనివ్వలేదు. నా పూర్వ విద్యార్థి ఒకడు జాంబియా దేశంలో విక్టోరియా జలపాతానికి దగ్గరగా ఉన్న లివింగ్‌స్టన్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. పక్షుల చిత్రాలు తీయడం అతనికి వ్యసనం. అతనికి రాశాను. అతని జవాబు చదివిన తరువాత నా సమస్య తగ్గలేదు, పెరిగింది. "మాస్టారూ, మెరిసే స్టార్లింగ్ అంటే ఏది? ఈ ఊళ్లోనే మూడు ఉన్నాయి. నాకు వాటిని విడదీయడానికి రెండేళ్లు పట్టింది" అని రాశాడు.

స్టార్లింగ్ అనేది మన గోరింకలు కూడా చేరే పెద్ద కుటుంబానికి ఆంగ్లనామం. ఆ కుటుంబంలో లాంప్రోటోర్నిస్ అనే ఆఫ్రికా ప్రజాతిలో ఇరవైకి పైగా జాతులున్నాయి. వాటిలో చాలా పక్షులు నీలం, ఆకుపచ్చ, ఊదా కలిసిన లోహపు మెరుపుతో ఉంటాయి. దూరం నుండి చూస్తే ఒకే మూసలో పోసినట్లు కనబడతాయి. మా విద్యార్థి ఊరిలోని మూడింటిలో మొదటిది కేప్ స్టార్లింగ్. రెండవది గ్రేటర్ బ్లూ ఇయర్డ్ స్టార్లింగ్, అంటే పెద్ద నీలిచెవి పక్షి. మూడవది మియాంబో బ్లూ ఇయర్డ్ స్టార్లింగ్. మియాంబో అనేది అక్కడి ఒక రకం అడవుల పేరు. పక్షికి మనకువలె బయటికి కనబడే చెవి ఉండదు. చెవి రంధ్రాన్ని కప్పే ఈకల రంగును బట్టి ఆ పేర్లు వచ్చాయి.

రంగును చూచి వీటిని గుర్తింపబోతే మోసపోతాము. పత్తర్‌గట్టి బట్టల కొట్టులో నెమలికంఠం రంగు పట్టుచీరను అటూ ఇటూ తిప్పి చూచినవారికి ఇది సులభంగా తెలుస్తుంది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. ఒకవైపు నుండి నీలం, మరొకవైపు నుండి పచ్చ. చీరలో కనీసం రెండు రంగుల నూలు ఉంది. ఈ పక్షి ఈకలో నీలి వర్ణకం గాని, పచ్చ వర్ణకం గాని లేదు. ఉన్నది మెలనిన్, మన తలవెంట్రుకలకు నలుపునిచ్చే పదార్థం. ఆ మెలనిన్ రేణువులు ఈ పక్షులలో సన్నని పలకలుగానో, లోపల బోలుగా ఉన్న గొట్టాలుగానో ఏర్పడి పొరలు పొరలుగా అమరుతాయి. వాటి మీద పడిన వెలుగు వేర్వేరు పొరల నుండి వెనుకకు మరలి వ్యతికరణం చెందుతుంది. వాన వెలిసిన రోడ్డు మీద నూనె తెట్టెలో రంగులు కనబడే విధమే ఇది. కనుక ఉదయపు ఎండలో పచ్చగా ఉన్న పక్షి మధ్యాహ్నానికి నీలంగా తోచవచ్చు. మబ్బు పడితే కాకిలా నల్లనై పోతుంది. వెలుతురు మారితే మారిపోయే గుణం గుర్తు కాజాలదు.

మరి మారనిది ఏది? మా విద్యార్థి ముందుగా కంటిని చూడమన్నాడు. ఈ మూడింటికీ కన్ను పసుపు, నారింజ కలిసిన రంగులో వెలుగుతుంది. అదే దక్షిణాఫ్రికా ప్రాంతాలలో కనబడే బర్చెల్స్ స్టార్లింగ్‌కూ, పొడవాటి తోకగల మీవ్స్ స్టార్లింగ్‌కూ కన్ను నల్లనిది. కన్ను నల్లగా ఉన్నదంటే ఆ మూడింటినీ పక్కన పెట్టవచ్చు. పసుపు కన్నయితే చెవి దగ్గరికి పోవాలి. కేప్ స్టార్లింగ్ ముఖమంతా ఇంచుమించు ఒకే రంగు. చెవి మచ్చ విడిగా తెలియదు. పెద్ద నీలిచెవికి కంటి వెనుక వెడల్పాటి ముదురు నీలపు పట్టీ స్పష్టంగా ఉంటుంది. మియాంబోకు ఆ పట్టీ సన్నగా, కాటుక రేఖలా ఉంటుంది. పక్షి కూడా కొంచెం చిన్నది. అప్పటికీ తేలకపోతే రెక్క కింద, పొట్ట పక్కభాగాన్ని చూడాలి. కేప్ పక్షికి అక్కడ మిగిలిన ఒంటి రంగే కొనసాగుతుంది. పెద్ద నీలిచెవికి ముదురు నీలం. మియాంబోకు ఊదా ఎరుపు ఛాయ. పెద్ద నీలిచెవి ముక్కుతో పలికినట్లు సాగదీసి అరిచే అరుపును ఒకసారి విని గుర్తుంచుకొంటే కళ్లతో పనిలేదని కూడా రాశాడు. నాకు అది అర్థం కావడానికి ఉపమానం అక్కరలేదు. ఛందస్సులో ఉత్పలమాల, చంపకమాల కాగితం మీద ఒకేలా కనబడినా చదివేవాని చెవికి మొదటి గణంలోనే తేడా తెలిసిపోతుంది.

అతడు ఉత్తరం చివర మరొక వింత చెప్పాడు. సెలవులలో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరానికి పోయినపుడు అక్కడి వీధులలో మన గోరింకయే, సాక్షాత్తు పసుపు కన్నుల గోరింకయే, గుంపులుగా ఎదురైందట. మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న అదే రేవుకు చేరి మన కూలీలను దింపింది, వారిలో తెలుగువారున్నారు. గోరింకలు తరువాతి కాలంలో పంజరపు పక్షులుగా అక్కడికి చేరి, తప్పించుకొని పెరిగాయి. మన పూర్వులు చెమటోడ్చి ఆ నేలను చెరకుతోటగా మార్చారు గాని, ఈ పక్షులు మాత్రం స్థానిక పక్షుల తొర్రలను ఆక్రమించి చెడ్డపేరు తెచ్చుకొన్నాయి. 2000 సంవత్సరంలో ప్రకటించిన ప్రపంచపు నూరు దురాక్రమణ జీవుల జాబితాలో మన గోరింక పేరు ఉంది. కావ్యనాయికల చెలికి పట్టిన గతి అది!

ఇప్పుడు పెట్టెలోని పిల్లపక్షి సంగతి. మెరిసే జాతుల పిల్లలు కూడా పెద్దవాటిలా మెరవవు. అవి మసిబూసినట్లు ఉంటాయి. ఈ మాట చదివి అమ్మినవాడు నిజమే చెప్పాడేమో అనుకొన్నాను. కాని వెంటనే మా విద్యార్థి హెచ్చరించాడు. ఆ పిల్లల రెక్కల మీద అప్పటికే కొంత నీలి నిగనిగ ఉంటుంది. ఎండలో పెట్టి చూడండి అన్నాడు. చూచాము. ఎండలో ఎంత తిప్పినా ఆ రెక్కలు బూడిదరంగుగానే ఉన్నాయి. మియాంబో పిల్లకు పొట్ట ఎర్రని గోధుమవన్నెలో ఉంటుందట గాని, దానికీ రెక్కలో మెరుపు తప్పదు. ఆఫ్రికా కథ అక్కడితో ముగిసింది.

అయితే ఇది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నేనూ, ఆ విద్యార్థీ, అతని మిత్రులు ముగ్గురూ వరుసగా రెండు ఆదివారాలు మీర్ ఆలం చెరువు పరిసరాలలో తిరిగాము. సలీం అలీగారు 1931-32లో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు రాజ్యమంతా తిరిగి పక్షులను పరిశీలించారు. ఆయన పుస్తకాన్ని గ్రంథాలయం నుండి తెచ్చి చేతిలో పెట్టుకొన్నాము. నూరేళ్లనాడు ఆయన అడవులలో చేసిన పనిని మేము చెరువుగట్టున, ఆటోల రొదలో చేశాము. నేను మొదట సిగ్గుపడిన విషయమేమంటే, నేను ఒకటే అనుకొన్న గోరింక ఆ ఒక్కచోటనే రెండు రకాలుగా ఉంది. ఇన్నాళ్లూ కళ్లముందు తిరిగిన రెండవదానిని నేను పిచ్చుక గానో, మరొకటి గానో లెక్కకట్టి వదిలేశాను.

ఆ రెండవది మామూలు గోరింకకంటె కొంచెం చిన్నది, నాజూకైనది. నెత్తిన నల్లని జుట్టు వెనుకకు దువ్వినట్లు జారి ఉంటుంది. కోపమో, ఆనందమో కలిగినపుడు దానిని పైకి లేపుతుంది. రొమ్ము, పొట్ట దాల్చినచెక్క వన్నె. వీపు బూడిదరంగు. పసుపు ముక్కు మొదట్లో నీలపు ఛాయ. ఆంగ్లంలో బ్రాహ్మినీ స్టార్లింగ్ అంటారు. శాస్త్రనామంలో పగోడారమ్ అనే మాట ఉంది, అంటే 'దేవాలయాల' పక్షి అని. 1789లో గ్మెలిన్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టాడు. ఆయన దీనిని త్రష్ అనే వేరొక వర్గంలో చేర్చాడు. అంతకుముందు 1766లో లిన్నేయస్ మహాశయుడు మన మామూలు గోరింకను ఏకంగా స్వర్గపక్షులలో కలిపాడు. పెద్దలు కూడా పొరబడ్డారని చదివినపుడు నాకు కొంత ఊరట కలిగిన మాట దాచను. ఈ పాఠంలో మనం దానిని నల్లజుట్టు గోరింక అని పిలుచుకొందాం.

పిల్లపక్షి అదేనా? తలమీద నల్లని జుట్టు లేదు గనుక మా కుర్రవాళ్లు కాదన్నారు. పుస్తకంలో చూస్తే గోధుమవన్నె పొట్టగల అభ్యర్థులు ఇంకా ఇద్దరున్నారు. ఒకటి చెస్ట్‌నట్ టెయిల్డ్ స్టార్లింగ్. దానికి తల బూడిదరంగు, తోక ఇటుకరంగు. మరొకటి రోజీ స్టార్లింగ్ పిల్ల. ఇసుకరంగు ఒళ్లు, లేతపసుపు ముక్కు. పెద్ద రోజీ స్టార్లింగులు గులాబి ఒంటితో, నల్లని తలతో వేల సంఖ్యలో వచ్చి మన జొన్నచేల మీద వాలుతాయి. సాయంకాలం గూటికి చేరేముందు ఆకాశంలో పొగమబ్బులా ముడుచుకొంటూ, విప్పుకొంటూ ఎగురుతాయి. అది చూడవలసిన దృశ్యమే గాని ఇక్కడ అప్రస్తుతం.

ఈ చిక్కును విప్పినది ఈక కాదు, పంచాంగం. ముక్కు మూలల పసుపు అంచు పోని పిల్ల అంటే గూడు విడిచి ఎన్నో రోజులు కాలేదు. అది జూన్ మాసం. రోజీ స్టార్లింగులు మధ్య ఆసియాలో గూళ్లు పెడతాయి. జూలై, ఆగస్టు దాటితే గాని మన వైపు రావు. చెస్ట్‌నట్ టెయిల్డ్ స్టార్లింగ్ కూడా దక్కనుకు చలికాలపు అతిథియే. దాని పుట్టినిల్లు హిమాలయ పాదాలు, ఈశాన్య భారతం. జూన్‌లో పాతబస్తీలో గూటిపిల్లగా దొరకాలంటే ఆ పక్షి ఇక్కడే గుడ్డు పెట్టేది అయి ఉండాలి. అలాంటివి మాకు కనబడినవి రెండే: మామూలు గోరింక, నల్లజుట్టు గోరింక. మామూలు గోరింక పిల్లకు చిన్ననాటినుండే రెక్కలో తెల్లని మచ్చ ఉంటుంది. పెట్టెలోని పక్షి రెక్కను మెల్లగా విప్పి చూచాము. కత్తిరించిన ఈకల మొదళ్లలో కూడా తెలుపు లేదు. నల్లజుట్టు గోరింక పిల్లలకు నెత్తి గోధుమరంగులోనే ఉండి, జుట్టు తరువాత వస్తుందని పుస్తకం చెప్పింది. రెండవ ఆదివారం చెరువుగట్టున ఒక వేపచెట్టు మీద తల్లిపక్షి ఇద్దరు పిల్లలకు పురుగులు తినిపిస్తూ కనబడింది. ఆ పిల్లలు మా అట్టపెట్టెలోని దానికి తోబుట్టువుల్లా ఉన్నాయి.

అది ఆఫ్రికాది కాదు. మీర్ ఆలం చెరువు దగ్గరో, అలాంటి మరొక తోటలోనో తొర్ర నుండి తీసి, రెక్కలు కత్తిరించి, పరదేశి అని పేరుపెట్టి అమ్మినది. పేరు మార్చడంలో వ్యాపారి తెలివి ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవి గోరింకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరం. విదేశీ పక్షులకు నిబంధనలు వేరు. చట్టానికీ, నేరానికీ మధ్య ఆ పక్షి విషయంలో ఉన్నది ఒక పేరు మాత్రమే. ఆ తప్పుపేరుకు మూడు వారాలపాటు నా మాట కూడా సాక్ష్యంగా నిలిచింది.

ఆ మూడు వారాలకు ఖరీదు పక్షి చెల్లించింది. ఆఫ్రికా మైనాకు పాలలో నానిన రొట్టె పెట్టమని అమ్మినవాడు చెప్పాడు. వాళ్ల ఇంట్లో అలాగే పెట్టారు. ఆ వయసులో గోరింక పిల్లకు కావలసినది పురుగులు. పాలు పక్షులకు అరగవు. అటవీశాఖ వారికి అప్పగించిన రోజు దాని కాళ్లు సరిగా నిలువడం లేదు. పరీక్షించిన పశువైద్యుడు ఆహారలోపం అన్నాడు. "మొదటి వారంలోనే తెచ్చి ఉంటే బాగుండేది" అని ఆయన ఎవరినీ ఉద్దేశింపకుండా అన్న మాట నాకు తగిలింది. విద్యార్థి తలవంచుకొన్నాడు. అతని తప్పేమీ లేదు. అతడు అడగవలసిన వారినే అడిగాడు.

కత్తిరించిన ఈక తిరిగి పెరగదు. పక్షి పాత ఈకలను రాల్చి కొత్తవి తొడుక్కొనే కాలం వచ్చేవరకు ఎగరలేదు. గోరింకల పిల్లలు మొదటి ఏడాదిలోనే ఒకసారి అలా ఈకలు మార్చుకొంటాయి గనుక మాకు కొంత ఆశ మిగిలింది. వాన రోజులన్నీ అది వారి సంరక్షణలోనే ఉంది. మా విద్యార్థి రెండుసార్లు పోయి చూచి వచ్చాడు. దసరా సెలవుల తరువాత తరగతికి వచ్చి, దాని నెత్తిన నల్లని ఈకలు మొలిచాయనీ, కాళ్లు గట్టిపడ్డాయనీ చెప్పాడు. కార్తీకంలో దానిని వదిలిపెట్టినట్లు కబురు వచ్చింది.

ఆనాడు అతడు నన్ను మరొక ప్రశ్న అడిగాడు. ఇంట్లో దానికి షహజాదీ అని పేరు పెట్టుకొన్నారట. "సార్, అది ఆడదో మగదో ఎలా తెలుస్తుంది?" ఈసారి తొందరపడలేదు. మరునాటివరకు గడువు అడిగి, చదివి వచ్చి చెప్పాను. ఈ జాతిలో ఆడ, మగ ఒకేలా ఉంటాయి. మగదానికి జుట్టు కాస్త పొడవని అంటారు. జంటను పక్కపక్కన చూస్తే తప్ప ఆ తేడా పట్టడం కష్టం.

డిసెంబరులో ఒక సోమవారం అతడు తన ఫోను తెచ్చి చూపాడు. చెరువుగట్టున వేపకొమ్మ మీద రెండు నల్లజుట్టు గోరింకలు, ఎండకు ముఖం తిప్పి కూర్చున్నాయి. ఎడమవైపుదాని జుట్టు కొంచెం పొడవుగా ఉంది. "ఇది మగది సార్" అన్నాడు. మళ్లీ చిత్రాన్ని పెద్దది చేసి, రెండవదాని వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.